పిల్లికి పసరు పోయుటకు ముందు

ఇబ్రహీంపట్నం మండలములో వానకాలపు వరి కోత ముగిసి, మక్కజొన్న ఇల్లు చేరి, పసుపు తవ్వకము ఇంకను మొదలు కాని దినములలో ఏ రైతు ఇంటికి పోయినను గరిసె పక్కననో, బస్తాల మీదనో ఒక పిల్లి కనిపించును. దానికి పేరుండదు. దానికొరకు ఎవరును ప్రత్యేకముగా వండరు. అయినను ఆ ఇంటి ధాన్యమునకు కావలి అదియే. ఎలుక ఒక దినమునకు తన బరువులో సుమారు పదవ వంతు తిండి తినును. తిన్నదానికంటె కొరికి, మలమూత్రములతో పాడుచేయునది ఎక్కువ. జీతము లేక రాత్రంతయు మేలుకొని కాపు కాయు ఈ ప్రాణికి జబ్బు చేసినప్పుడు మనము చేయు వైద్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

నేను వ్యవసాయ శాఖ ఉద్యోగిని, పశువైద్యుడను కాను. ఇది నీ పని కాదుగదా అని ఎవరైన అడుగవచ్చును. నా పనియే. ఏలననగా పల్లెలో పిల్లికి కలుగు ఆపదలలో ఒక పెద్ద ఆపద ఎలుకల మందు. ఆ మందును ఏ పాళ్ళలో కలుపవలెనో రైతులకు చెప్పువారము మేమే. కలుపుట నేర్పినవాడు దాని వలన వచ్చు కీడును కూడ చెప్పవలెను.

నా అభిప్రాయమును ముందుగానే చెప్పుచున్నాను. ఆకు మందు అనినంత మాత్రమున అది పిల్లికి హాని చేయదని అనుకొనుట పొరపాటు. పిల్లికి మనము నిర్భయముగా చేయగల ఇంటి వైద్యము ఉన్నది గాని, ఆ జాబితా మనము అనుకొనుదానికంటె చాల చిన్నది. ఏ పసరు పోయుటకైనను ముందు “ఇది ఏమి తిన్నది?” అను ప్రశ్నకు జవాబు వెదకవలెను.

ఒక ఇంటిలో జరిగిన సంగతి

గడచిన యాసంగిలో ఒక పసుపు రైతు ఇంటికి పోయితిని. ఆయన ధాన్యపు కొట్టులో ఎలుకలు విపరీతముగా ఉన్నవని చెప్పగా, అంతకు పది దినముల క్రితము బ్రోమాడయోలోన్ ఎర కలుపు పద్ధతిని నేనే చెప్పి యుంటిని. 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు మందు పొడి: ఇది మేము ప్రతి రైతు సమావేశములోను చెప్పు లెక్కయే. ఎలుకలు తగ్గినవని ఆయన సంతోషించెను. కాని వాకిట చిన్న పీట కింద వారి పిల్లి ముడుచుకొని పడియుండెను.

ఇంటి పెద్దామె దాని పక్కన కూర్చుండి యుండెను. “అవ్వా, ఎన్ని దినాల నుంచి ఇట్లున్నది? ఏమన్న మందు పోసిండ్రా?” అని అడిగితిని.

“నిన్న మొన్నటి సంది తింటలేదు సారూ. జలుబు చేసిందనుకొని తులసాకు, వెల్లిపాయ నూరి రసం పోసిన. పొద్దున గూడ పోసిన. ఆకు పసరే గద, మంచి జేయకున్నా చెడు జేస్తదా?” అని ఆమె బదులు చెప్పెను.

పిల్లి పెదవి ఎత్తి చూచితిని. ఎర్రగా ఉండవలసిన చిగుళ్ళు సున్నమువలె తెల్లబారి యుండెను. ముక్కు కొనయందు నెత్తురు చారిక ఎండి యుండెను. చచ్చిన ఎలుకలను ఏమి చేసినారని రైతును అడిగితిని. ఏరలేదని ఆయన చెప్పెను. ఏరి లోతుగా పూడ్చవలెనని నేను గట్టిగా చెప్పిన జ్ఞాపకము నాకును లేదు.

ఆ సాయంత్రమే దానిని పశువైద్యుని వద్దకు తీసికొనిపోయిరి. రెండు దినములు ముందు తెచ్చియుండిన యెడల బతుకుటకు మంచి అవకాశము ఉండెడిదని ఆయన చెప్పెను. పిల్లి మరునాడు చనిపోయినది. అందు వెల్లుల్లి పాలెంత, ఎలుకల మందు పాలెంత అని నేను విడదీసి చెప్పజాలను. కాని పోయిన ఆ రెండు దినములు మాత్రము పసరు మీది నమ్మకము వలననే పోయినవి. అవ్వ అడిగిన ప్రశ్నకు నేను ఆనాడు సరియైన సమాధానము చెప్పలేకపోయితిని. ఈ వ్యాసమే ఆ సమాధానము.

పిల్లి చిన్న గేదె కాదు

మన పల్లెలలోని నాటు వైద్యము చాలవరకు ఎడ్లు, ఆవులు, గేదెలు, మేకల చుట్టు పెరిగినది. అందులో విలువైన జ్ఞానమున్నది. గుజరాత్‌లోని ఆనంద్ కేంద్రముగా 1965లో ఏర్పడిన జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ నేడు పొదుగువాపు వ్యాధికి 250 గ్రాముల కలబంద, 50 గ్రాముల పసుపు, 15 గ్రాముల సున్నము నూరి పొదుగునకు పూయు పద్ధతిని పాడి రైతులలో ప్రచారము చేయుచున్నది. కావున నాటు మందులన్నియు పనికిమాలినవని నేను చెప్పుట లేదు.

కాని గేదెకు మేలు చేసిన ముద్ద పిల్లి పుండునకు మేలు చేయునని అనుకొనరాదు. ఇందుకు నాలుగు కారణములు కలవు.

మొదటిది బరువు. గేదె నాలుగైదు వందల కిలోలు తూగును. ఎదిగిన పిల్లి మూడు నాలుగు కిలోలు మాత్రమే. గేదెకు గుప్పెడు అనునది పిల్లికి చిటికెడు కూడ కాదు. కంటి అంచనాతో పోసిన రెండు చెంచాల పసరు దాని పాలిట కడవెడు కావచ్చును.

రెండవది తిండి. గేదె ఆకులలముల మీద బతుకు జంతువు. దాని పెద్ద పొట్టలో ఉండు సూక్ష్మజీవులు ఆకులలోని అనేక విషములను ముందే విరిచివేయును. పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. ఆకుల విషములను విరుచు అవసరము దానికి తరతరములుగా రాలేదు.

మూడవది కాలేయము. మనుష్యుల కాలేయము అనేక మందులను, మొక్కలలోని ఘాటు పదార్థములను ఒక విధమైన ఆమ్లముతో జతచేసి మూత్రము ద్వారా బయటికి పంపును. పిల్లిలో ఈ పనిచేయు ఒక ముఖ్యమైన జన్యువు చెడిపోయి పనికిరాకుండ ఉన్నదని అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2000 సంవత్సరములో ప్రకటించిరి. అందువలన మన ఒంటిలో కొద్ది గంటలుండి పోవు పదార్థము పిల్లి ఒంటిలో దినముల తరబడి నిలువగలదు. ఆస్పిరిన్ అట్టిదే. ఇక పారాసిటమాల్ 500 మిల్లీగ్రాముల బిళ్ళ ఒక్కటి పిల్లి ప్రాణము తీయగలదు. జ్వరమని తలచి పసరులో అర బిళ్ళ కలుపువారు ఈ సంగతిని మరువరాదు.

నాలుగవది నాకుడు. గేదె పొదుగునకు పూసిన మందు పొదుగు మీదనే ఉండును. పిల్లి ఒంటికి పూసిన మందు గంటలో దాని కడుపులో ఉండును. పిల్లికి పైపూత మందు అనునది లేదు; పూసినదంతయు తినిపించినట్లే లెక్క. పొదుగువాపు ముద్దలోని సున్నము నాలుకను పొక్కించును. కలబంద పట్ట కింద ఉండు పసుపుపచ్చని జిగురు వాంతులు, విరేచనములు కలిగించును.

వంటింటి మందులు, పెరటి మందులు

మన ప్రాంతములో సాధారణముగా వాడు వస్తువులను ఒక్కొక్కటిగా చూతము.

వెల్లుల్లి, ఉల్లి: ఇవి పిల్లి రక్తములోని ఎర్ర కణములను పగులగొట్టును. కిలో బరువునకు 5 గ్రాముల ఉల్లిగడ్డ చాలును, పిల్లి రక్తములో చెడు మార్పులు వచ్చుటకు. అనగా మూడు కిలోల పిల్లికి 15 గ్రాములు. చిన్న ఉల్లిగడ్డలో సగము కూడ కాదు. వెల్లుల్లి అంతకంటె ఘాటైనది. ఉడికించినను, ఎండబెట్టినను ఈ గుణము పోదు. అంతేకాక వెల్లుల్లి రక్తము గడ్డకట్టుటను కొంత మందగింపజేయును. నెత్తురు కారు పిల్లికి దానిని పోయుట కాలుచున్న ఇంటి మీద నూనె చల్లుట వంటిది.

నీలగిరి తైలము, కర్పూరము, నొప్పుల బాములు: జలుబు చేసిన పిల్లి ముక్కునకు వీనిని రాయుట కొందరికి అలవాటు. పిల్లి వానిని నాకి చొంగ కార్చును, తూలును, వణకును. చిన్న పిల్లలు కలిగిన ఇంటిలో కర్పూరమును ఎంత జాగ్రత్తగా దాతుమో పిల్లి విషయములోను అంతే జాగ్రత్త వలెను.

వేపనూనె, సీతాఫలము గింజలు, పొగాకు కషాయము: ఇవి పేలకు, గోమార్లకు వాడునవి. చిక్కని వేపనూనె పూసిన పిల్లి దానిని నాకి నురుగు కార్చి వణకవచ్చును. సీతాఫలపు గింజల పొడి కంటిలో పడిన కంటి పొరను దెబ్బతీయును. పొగాకులోని నికోటిన్ తీవ్రమైన విషము. పశువుల గోమార్లకు కొట్టు సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ మందులను గాని, కుక్కలకు వాడు పెర్మెత్రిన్ మందును గాని పిల్లికి తగిలించనే రాదు. ఈ జాతి మందులు మొదట ఒక రకపు చేమంతి పూల నుండి తీసిన పదార్థమును అనుకరించి తయారైనవే. పూవునుండి వచ్చినది గనుక మంచిదని అనుకొనువారికి ఇది గుర్తుండవలెను.

పోకచెక్క: కడుపులో పురుగులకు దీనిని నూరి ఇచ్చుట పాత పద్ధతి. ఇందలి అరెకోలిన్ అను పదార్థమును ఒకప్పుడు కుక్కల బద్దె పురుగులకు వాడిరి గాని, పిల్లులకు వాడరాదని పశువైద్యులు హెచ్చరించిరి. అది ఊపిరి గొట్టములలో నీరు ఊరజేసి ఊపిరాడకుండ చేయును. పురుగులకు పశువైద్యుడు బరువు చూచి ఇచ్చు మాత్ర చాలును.

కొండపిండి ఆకు, పల్లేరు కాయలు: మూత్రము జారీ చేయునవని వీనికి పేరు. మగపిల్లి మాటిమాటికి కూర్చుండి ముక్కుచు, చుక్క మూత్రము కూడ రాక అరచుచున్న యెడల దాని మూత్రనాళము మూసుకొని యున్నదని గ్రహింపవలెను. మూసిన తూము వెనుక ఇంకను నీరు నింపిన గట్టు తెగును గాని తూము తెరచుకొనదు. అట్టి పిల్లికి ఒకటి రెండు దినములలో చికిత్స జరుగని యెడల ప్రాణము దక్కుట కష్టము. అది కషాయముతో తీరు జబ్బు కాదు. డాక్టరు గొట్టము వేసి మూత్రము తీయవలసిన జబ్బు.

ఇవి గాక గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు, గురిగింజ, ముష్టి గింజ, ఆముదపు గింజ అను వానిని ఏ రూపములోను పిల్లి నోటికి చేరనీయరాదు. ఇవియు ఆకులే, గింజలే. మన చేల గట్ల మీద పెరుగునవే. ఆకు మందు చెడు చేయదను మాటకు వీనికి మించిన జవాబు వేరొకటి లేదు.

లంఖణము పరమౌషధము కాదు

రెండు అలవాట్లను గూర్చి వేరుగా చెప్పవలసి యున్నది.

“లంఖణం పరమౌషధం” అని మన పెద్దలు అందురు. మనుష్యునికి అజీర్తి చేసినప్పుడు ఆ మాట చెల్లవచ్చును గాని పిల్లికి చెల్లదు. రెండు మూడు దినములు ఏమియు తినని పిల్లికి, ముఖ్యముగా కొంచెము బలిసిన దానికి, ఒంటిలోని కొవ్వు కరగి కాలేయములో పేరుకొని కాలేయమే చెడును. అప్పుడు మొదటి జబ్బు నయమైనను రెండవ జబ్బు చంపును. ఒక పగలు, ఒక రాత్రి పూర్తిగా తిండి ముట్టని పిల్లిని మూడవ పూటకు డాక్టరుకు చూపవలెను. తిననిది మంచిదేనని ఊరకుండరాదు.

రెండవది బలవంతముగా పోయుట. ఎద్దునకు వెదురు గొట్టముతో మందు పట్టుట తెలిసినవారు పిల్లికి కూడ తల పైకెత్తి, నోరు తెరచి పోయుదురు. అది పొలమారి ఊపిరితిత్తులలోనికి పోవును. నూనె, నెయ్యి, ఆముదము మరింత ప్రమాదకరము. అవి దగ్గు రాకుండనే లోపలికి జారి, ఊపిరితిత్తులలో నిలిచి వాపు పుట్టించును. జబ్బుతో చావని పిల్లి మందు పోయుటవలన చచ్చుట ఇట్లే.

మరి ఇంటిలో ఏమి చేయవచ్చును?

చేయదగిన పనులు కొన్ని ఉన్నవి. ఖర్చు లేనివి, చాల మేలు చేయునవి.

చిన్న గాయమైన యెడల అర లీటరు నీరు కాచి చల్లార్చి, అందు ఒక చిన్న చెంచా ఉప్పు కలిపి, శుభ్రమైన గుడ్డతో కడుగవలెను. దినమునకు రెండు మూడు సార్లు కడిగిన చాలును. పసుపు అద్దనిది మాకు తృప్తిగా ఉండదని చెప్పువారు కలరు. పసుపు పండించు ప్రాంతమువారము గనుక ఆ అభిమానము సహజమే. కాని గాయము మానుటకు ముఖ్యము కడుగుటయే. పైన చల్లిన పొడి మురికిని లోపలనే కప్పి పెట్టును. కరచుకొన్న గాయములు పైకి చిన్నవిగా కనిపించి లోపల చీము పట్టును. వానిని డాక్టరుకు చూపవలెను.

మలబద్ధము కొద్దిగా ఉన్నప్పుడు ఉప్పు, కారము, పోపు లేక ఉడికించిన గుమ్మడికాయ గుజ్జు ఒక చిన్న చెంచాడు తిండిలో కలుపవచ్చును. తాగు నీరు ఎల్లప్పుడు దగ్గర ఉంచవలెను.

విరేచనములైనప్పుడు పాలు మానవలెను. ఎదిగిన పిల్లులలో చాలవాటికి పాలు అరగవు, విరేచనము హెచ్చును. ఉల్లి, వెల్లుల్లి, మసాలా లేకుండ ఉడికించిన కోడిమాంసమును ముక్కలు చేసి, ఆ నీటితో సహా కొద్దికొద్దిగా పెట్టవచ్చును.

పేలు, గోమార్లు ఉన్న యెడల సన్నని పళ్ళ దువ్వెనతో దువ్వి, రాలిన వానిని సబ్బు నీటిలో వేయవలెను.

గరిక తినగోరు పిల్లిని తిననీయవలెను. గడ్డి మేసి కక్కుట దానికి సహజము. అయితే ఆ గరిక కలుపు మందు గాని, పురుగు మందు గాని కొట్టిన గట్టుమీదిది కారాదు. ఒక పాత కుండలో గరిక నాటి ఇంటివద్దనే ఉంచుట మంచిది.

కుప్పింటాకు మొక్క వేరును తవ్వినప్పుడు పిల్లి వచ్చి దానిని రాచుకొని దొర్లుట మీలో పలువురు చూచియుందురు. అది వేడుక, వైద్యము కాదు. పిల్లికి ఇష్టము గనుక మందు అయియుండునని దానిని నూరి పోయరాదు. ఈ మొక్క కొందరు మనుష్యులలోనే రక్తకణములను చితుకగొట్టినదని వైద్యులు గుర్తించియున్నారు.

ఏ ఆకు వాడినను మూడు నియమములు పాటింపవలెను. మొక్క ఏదో నిశ్చయముగా తెలిసి యుండవలెను. ఒకేసారి రెండు మూడు మందులు కలుపరాదు. డాక్టరు వద్దకు పోయినప్పుడు ఏమి పోసినది, ఎంత పోసినది, ఎప్పుడు పోసినది దాపరికము లేకుండ చెప్పవలెను. ఆయన కోపపడునని దాచిన యెడల ఇచ్చు మందు వికటింపవచ్చును.

ఎలుకల మందు తిన్నదని అనుమానము కలిగినప్పుడు

ఎలుకల మందులలో మన వద్ద వాడుకలో ఉన్నవి ముఖ్యముగా రెండు. వీని తేడా తెలియనిదే చికిత్స లేదు.

బ్రోమాడయోలోన్ నెమ్మదిగా పనిచేయును. అది రక్తము గడ్డకట్టు గుణమును హరించును. మందు తిన్న ఎలుకలను తిన్న పిల్లికి మూడు నుండి అయిదు దినముల తరువాత నీరసము, చిగుళ్ళు తెల్లబారుట, ముక్కునుండియో మలములోనో నెత్తురు, ఆయాసము కనిపించును. దీనికి విరుగుడు ఉన్నది. అది విటమిన్ కె1. సకాలములో మొదలుపెట్టి, డాక్టరు చెప్పినన్ని వారములు మానక ఇచ్చిన పిల్లి బతుకును. ఏ ఆకు పసరును దీనికి బదులు కాదు.

జింక్ ఫాస్ఫైడ్ నల్లని బూడిద రంగు పొడి. వెల్లుల్లి వాసన కలది. ఇది కడుపులోని ఆమ్లముతో కలిసినప్పుడు ఫాస్ఫీన్ అను విషవాయువు పుట్టును. కొద్ది నిమిషముల నుండి కొన్ని గంటలలోపలనే వాంతులు, ఆయాసము, కొట్టుకొనుట మొదలగును. దీనికి విరుగుడు లేదు. డాక్టరు చేయగల సహాయ చికిత్స మాత్రమే కలదు. ఇట్టి పిల్లికి విషము విరుగునని చింతపండు పులుసు గాని, నిమ్మరసము గాని, పుల్లని మజ్జిగ గాని పోయరాదు. పులుపు చేరిన కొలది ఆ వాయువు పుట్టుటకే అనుకూలము. పాలు, అన్నము పెట్టినను కడుపులో ఆమ్లము ఊరును. కక్కించుటకై ఉప్పు నీరు తాగించుటయు ప్రమాదమే, ఉప్పే విషమగును. అది కక్కిన దాని నుండి వచ్చు వాయువు మనుష్యులకును హాని గనుక పిల్లిని గాలి ఆడు చోట ఉంచి, పిల్లలను దూరముగా ఉంచవలెను.

ఏ మందైనను దాని పొట్లమును వెంట తీసికొని డాక్టరు వద్దకు పోవుట అన్నిటికంటె మేలైన పని. ఆ కాగితము మీది పేరు డాక్టరుకు ఒక గంట కాలమును మిగుల్చును. మన ప్రాంతమువారికి ఇందులో ఒక సౌకర్యము కూడ ఉన్నది. పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయమునకు చెందిన పశువైద్య కళాశాల మన కోరుట్లలోనే కలదు. పశువుల డాక్టరు ఎడ్లకు, గేదెలకే గాని పిల్లికి చూడడని అనుకొనుట తప్పు. పిల్లియు ఆయన చదువులోని ప్రాణియే.

ఒక హెచ్చరిక

జబ్బు పిల్లులలో ఒక జాతి జబ్బును ఇంటిలో ముట్టనే రాదు. ఉన్నట్టుండి స్వభావము మారి మీదికి దూకునది, మింగలేక చొంగ కార్చునది, గొంతు మారి వింతగా అరచునది, తూలుచు నడచునది రేబీస్ పిల్లి కావచ్చును. కుక్కకే గాని పిల్లికి రేబీస్ రాదనుట అపోహ. అట్టి దాని నోరు తెరచి పసరు పోయబోయినవాడు తన ప్రాణమునే పణము పెట్టుచున్నాడు. పిల్లి కరచినను, రక్తము వచ్చునట్లు గీరినను ఆ గాయమును పారు నీటితో, సబ్బుతో 15 నిమిషములు కడిగి, ఆ దినముననే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి టీకా వేయించుకొనవలెను. సున్నము, కారము, పసుపు, ఆకు పసరు పెట్టి ఊరకుండరాదు. రేబీస్ లక్షణములు బయటపడిన తరువాత మనిషిని బతికించు మందు దాదాపు లేదనియే చెప్పవలెను.

అధికారులకు, పెద్దలకు మనవి

“పిల్లికి డాక్టరెందుకు? ఇది పోతే ఇంకొకటి వచ్చును” అని కొందరు అనుట విన్నాను. ఖర్చు మాట నిజమే. పని దినము పోవు మాటయు నిజమే. కాని ఊరిలో పిల్లులు చచ్చిన తరువాత ఎలుకలు పెరుగును. ఎలుకలు పెరిగిన తరువాత మందు మరింత పెట్టుదుము. మందు పెట్టిన కొలది మిగిలిన పిల్లులు, గుడ్లగూబలు చచ్చును. ఈ చక్రములో చివరకు నష్టపోవునది రైతే. పైగా ఆ మందు ఇంటిలో పిల్లలు తిరుగు చోటనే ఉండును. పిల్లిని కాపాడు జాగ్రత్తలే పసివానిని కూడ కాపాడును.

పెద్దల వైద్యమును నేను తక్కువ చేయుట లేదు. ఆ అవ్వ రెండు రాత్రులు నిద్ర మాని పిల్లి పక్కన కూర్చున్నది. లోపము ఆమె ప్రేమలో లేదు. ఎలుకల మందు పెట్టినప్పుడు పిల్లిని గూర్చి ఆమెకు ఎవరును చెప్పకపోవుటలో ఉన్నది. ఆ చెప్పనివారిలో నేను ఒకడను.

కావున నా సూచనలు ఇవి. రైతు వేదికలలో ఎలుకల నివారణను గూర్చి చెప్పు ప్రతి వ్యవసాయ విస్తరణాధికారియు ఎర పాళ్ళు చెప్పిన వెంటనే పిల్లి మాట కూడ చెప్పవలెను. మేము పంచు కరపత్రములలో 96, 2, 2 అను అంకెల కిందనే విరుగుడు పేరు అచ్చువేయవలెను. ఊరంతయు ఒకేసారి మందు పెట్టునప్పుడు పంచాయతీ కార్యదర్శులు ముందు దినమున చాటింపు వేయించి, పిల్లులను, కోళ్ళను కట్టడిలో ఉంచుకొనుడని తెలుపవలెను. ఎరను బహిరంగముగా చల్లక బొరియలలోపల పెట్టి మూయవలెను. మందు పెట్టిన మరునాటి నుండి కనీసము వారము దినములు తెల్లవారకముందే చచ్చిన ఎలుకలను కట్టెతోనో, చేతికి సంచి తొడుగుకొనియో ఏరి లోతుగా పూడ్చవలెను. ఇంటిలోపల, ధాన్యపు కొట్టులో సాధ్యమైనంత వరకు బోనులే వాడవలెను. పొలము గట్లలో బొరియలకు గడ్డి పొగ పెట్టు యంత్రము వాడిన విషముతో పని తగ్గును.

రైతు సోదరులకు, ఇంటి పెద్దలకు చివరిగా చెప్పునది ఒక్కటే. పిల్లి ముడుచుకొని పడుకొన్న దినమున రోలు దగ్గరకు పోకముందు దాని పెదవి ఎత్తి చిగుళ్ళ రంగు చూడుడు. నిన్న ఏమి తిన్నదో, మొన్న ఇంటిలోను పొరుగింటిలోను ఏ మందు పెట్టినారో అడుగుడు. మూత్రము పోయుచున్నదా, తిండి ముట్టుచున్నదా గమనింపుడు. ఈ ప్రశ్నలకు పట్టు కాలము పసరు నూరుటకు పట్టు కాలముకంటె తక్కువ. మన గరిసెకు కావలి ఉన్న ప్రాణికి మనము ఈపాటి కావలియైన ఉండవలెను.